ఖాళీగా ఉన్న గడి

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం ఆగిరిపల్లి దగ్గర తన మామిడి తోటలో వీరరాఘవయ్య గుండె ఆగిపోయి, మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి చావు దాకా వెళ్లి తిరిగొచ్చాడని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కి ఆయన ప్రాణం నిలబెట్టింది కొడుకు రవిచంద్రేనని కూడా చెప్పుకున్నాయి. వివరాలు అడిగిన ఉదయశ్రీకి ఆయన భార్య పుష్పవతి తలెత్తకుండా ఆ మాటే చెప్పింది. అయితే అంబులెన్స్‌లో వచ్చిన విక్టర్ అనే టెక్నీషియన్ ఫోన్‌లో ఉదయశ్రీకి మరో మాట చెప్పాడు. "నేను వెళ్లేసరికి నొక్కుతున్నది ఆడమనిషండి. చేతుల నిండా కాయల సొన మరకలు," అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఉదయశ్రీ బుధవారం పొద్దున్నే స్కూటీ మీద తోటకి బయల్దేరింది.

ఆమె పోలీసు కాదు, విలేకరీ కాదు. ఎనిమిదేళ్లు విజయవాడలో ఐసీయూ నర్సుగా పనిచేసి, ఇప్పుడు ఒక వైద్య కళాశాల తరఫున నూజివీడు చుట్టూ ఉన్న మండలాల్లో ఒక రిజిస్టర్ రాస్తోంది. ఆస్పత్రి బయట గుండె ఆగిపోయిన ప్రతి మనిషికీ అందులో ఒక పేజీ ఉంటుంది. మనిషి ఎన్నింటికి పడిపోయాడు, పక్కన ఎవరున్నారు, ఫోన్ ఎప్పుడు చేశారు, అంబులెన్స్ ఎప్పుడొచ్చింది, ఈలోపు ఎవరైనా ఛాతీ నొక్కారా, నొక్కితే ఎంతసేపు, చివరికి మనిషి ఇంటికొచ్చాడా. చావు జరిగిన ఇళ్లకి పదిహేను రోజులు ఆగి వెళ్లి, గుమ్మంలో కూర్చుని, ఈ ప్రశ్నలన్నీ అడగడం ఆమె ఉద్యోగం. కొందరు కసురుకుంటారు. కొందరు మంచినీళ్లిచ్చి, ఏడ్చి, చెబుతారు. పద్నాలుగు నెలల్లో డెబ్బై మూడు పేజీలు నిండాయి. ఇంటికి తిరిగొచ్చినవాళ్లు నలుగురే. ఆ నలుగురిలో ముగ్గురికి, అంబులెన్స్ రాకముందే ఎవరో ఒకరు ఛాతీ నొక్కారు. మిగతా అరవై తొమ్మిది పేజీల్లో అలా నొక్కింది మూడంటే మూడు చోట్ల.

అందుకే వీరరాఘవయ్య పేజీలో 'నొక్కింది ఎవరు' అన్న గడిని ఖాళీగా వదిలేసి ఊరుకోలేకపోయింది ఉదయశ్రీ. వచ్చే సోమవారం పెద్ద డాక్టర్ ప్రభాకరరావు గారు ఈ రిజిస్టర్ ముందు పెట్టుకుని, ఛాతీ నొక్కడం ముందుగా ఎవరికి నేర్పాలో తేల్చబోతున్నారు. రవిచంద్ర ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కాలేజీలో అది నేర్చుకున్నాడు. ఆ గడిలో అతన్ని రాస్తే, కాలేజీల్లో నేర్పితే చాలు అని తేలుతుంది. నొక్కింది కోతకొచ్చిన కూలీ మనిషి అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఎందుకంటే తోటల్లో ఎవరైనా కుప్పకూలినప్పుడు పక్కన ఉండేది వాళ్లే.

రవిచంద్ర ఇంటికి రావద్దన్నాడు, తోటకి రమ్మన్నాడు. కోత దాదాపు అయిపోయింది. చిన్న రసాల చెట్లు బోసిగా ఉన్నాయి. చివరి వరసల్లో కలెక్టర్ రకం మామిడికాయలు మాత్రం ఇంకా వేలాడుతున్నాయి. మోటారు షెడ్డు ముందు రెండు ట్రేలు బోర్లించి, ఒక దాని మీద తను కూర్చుని, రెండోది ఆమెకి చూపించాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి అతనికి. నాలుగు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. నాన్నగారికి ఎలా ఉందని అడిగితే, సాయంత్రాలు వీధి చివరిదాకా నడుస్తున్నారని చెప్పాడు. శనివారం పంచాయతీ ఆఫీసు దగ్గర తనకి సన్మానం పెట్టారనీ, వద్దన్నా వినడం లేదనీ కూడా చెప్పాడు. చెబుతూ ఆమె వైపు చూడలేదు.

ఉదయశ్రీ ట్యాబ్ తెరిచింది కానీ అందులో చూడకుండానే మాట్లాడింది. ఆ ఉదయం పదీ ముప్పై ఎనిమిదికి పుష్పవతి గారు కొడుక్కి ఫోన్ చేశారు. పదీ ముప్పై తొమ్మిదికి కొడుకు 108కి చేశాడు. పదీ యాభైకి డ్రైవర్ తోట దారి అడగడానికి అదే నంబరుకి తిరిగి చేశాడు. ఫోన్ చేసిన మనిషి హనుమాన్ జంక్షన్ దాటుతున్నాడనీ, తోట దగ్గర కూలీలు ఎదురొచ్చి దారి చూపిస్తారనీ చెప్పినట్టు అంబులెన్స్ షీటులో ఉంది. పదకొండూ రెండుకి అంబులెన్స్ తోటలోకి వచ్చింది.

"జంక్షన్ నుంచి ఇక్కడికి ఎంత వేగంగా వచ్చినా ముప్పావుగంట పడుతుంది కదండీ, రవిచంద్ర గారూ," అంది నెమ్మదిగా.

ఎక్కడో చెట్ల మధ్య కాయలు కోసే చిక్కం గడకి తగిలి కాయ రాలిన చప్పుడైంది.

"ఆ రిజిస్టర్‌లో నా పేరుంటుందా?" అని అడిగాడు చివరికి.

"ఉండదండి. మీ నాన్నగారి పేరు కూడా ఉండదు. ఒక నంబరుంటుంది, అంతే. తప్పు ఎవరిదని రాసే గడి మా పేజీలో లేదు. నిమిషాలు ఎక్కడ పోయాయో, ఎక్కడ దొరికాయో రాసుకుంటాం. ఇక్కడ మాత్రం ఎవరో నిమిషాలు సంపాదించి పెట్టారు. వాళ్లెవరో నాకు తెలియాలి."

తప్పు రాయరు అన్న మాటకో ఏమో, రవిచంద్ర భుజాలు కాస్త కిందికి దిగాయి. ఆ తర్వాత అతను చెప్పిందంతా ఉదయశ్రీ మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

రెండేళ్ల కిందట అతను తండ్రి మాట కాదని, రెండెకరాల చిన్న రసాల చెట్లు కొట్టించి పామాయిల్ మొక్కలు వేశాడు. కాయల మీద మంగు వచ్చి, తేనెమంచు పురుగు వచ్చి, అంతకుముందు మూడేళ్లు వరసగా పంట పోయింది. అతనికి వేరే దారి కనపడలేదు. ఆ చెట్లు వీరరాఘవయ్య పద్దెనిమిదేళ్ల వయసులో కావిడితో నీళ్లు మోసి పెంచినవి. రంపం ఆడిన రోజు ఆయన తోటలోనే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటమే మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో తింటూ రెండేళ్లు గడిచాయి. ఏదైనా చెప్పాలంటే మధ్యలో పుష్పవతి. "మీ వాడికి చెప్పు" అని ఆయన, "నాన్నకి చెప్పమ్మా" అని ఇతను.

ఆ రోజు రవిచంద్ర తోటకి రాలేదు. దారిలో ఉండగానే అంబులెన్స్ బయల్దేరిందని తెలిసి కారు తిప్పి నేరుగా విజయవాడ ఆస్పత్రికి వెళ్లాడు. మూడో రోజున తండ్రికి పూర్తిగా స్పృహ వచ్చింది. డాక్టర్లు చెప్పింది విని, నన్ను నొక్కి బతికించిందెవరే అని భార్యనడిగాడు. రవిచంద్ర గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి, "మీ వాడే" అంది.

"నాన్న నా వైపు చూసి చెయ్యి చాపాడండి. నేను వెళ్లి పట్టుకున్నాను. 'ఏరా, ఏమైనా తిన్నావా' అన్నాడు. రెండేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. తిన్నానని చెప్పాను. నేను కాదు నాన్నా అని చెప్పడానికి ఇక నోరు రాలేదు."

ఐసీయూలో ఉదయశ్రీ ఎన్నో చూసింది. బతికొచ్చిన మనిషి కళ్లు తెరిచి ఎవరి కోసం చూస్తాడో, ఆ చూపు కోసం బయట ఎవరు ఎన్ని రోజులు కూర్చుంటారో ఆమెకి తెలుసు. కోపం వస్తుందనుకుంది కానీ రాలేదు. అయినా అడగాల్సింది అడిగింది. ఆడమనిషి ఎవరు?

"మేస్త్రీ చెప్పాడు. మిగతా కూలీలు అమ్మ మాటకి ఎదురు చెప్పలేక ఊరుకున్నారు. కాయలు ఏరే గ్రేడింగ్ దగ్గర పనిచేసే దివ్య అట. కిందటేడు ట్రాక్టర్ లోడెత్తుతూ పోయాడే గంగరాజు, ఆయన కూతురు."

ఉదయశ్రీ చేతిలోని ట్యాబ్ ఒడిలోకి జారింది.

గంగరాజుది తొమ్మిదో పేజీ. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో రాసింది. రేకుల ఇల్లు. గంగరాజు భార్య రాజ్యలక్ష్మి గోడకి ఆనుకుని అన్ని ప్రశ్నలకీ జవాబిచ్చింది. ఎవరైనా ఛాతీ నొక్కారా అంటే లేదు, నీళ్లు చల్లాం, అరికాళ్లు రుద్దాం అంది. పక్కనే నిలబడిన ఇరవై రెండేళ్ల కూతురు అప్పటిదాకా మాట్లాడలేదు. ఉదయశ్రీ లేచి వెళ్లిపోతుంటే మాత్రం గేటు దాకా వచ్చింది. మేమేం చేసుండాల్సిందండి అని అడిగింది. ఆ ప్రశ్న డెబ్బై మూడు ఇళ్లలో ఆ పిల్ల ఒక్కతే అడిగింది. ఉదయశ్రీ వెనక్కి వచ్చి, మంచం మీది దిండు కింద పరిచి, ఛాతీ మధ్యలో అరచేయి ఎలా ఆనించాలో, మోచేతులు వంచకుండా ఎంత గట్టిగా, ఎంత వేగంగా నొక్కాలో చూపించింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అది ఆమె చేయాల్సిన పనుల్లో లేదు కాబట్టి ఎక్కడా రాసుకోలేదు. మరుసటి ఇంటికి వెళ్లేసరికి మర్చిపోయింది కూడా.

ఆ దిండు మీద నేర్చుకున్న పిల్ల ఈ తోటలో ఒక మనిషిని బతికించింది.

ఇప్పుడు దివ్య ఎక్కడుందని అడిగితే, చింతలపూడిలో పిన్నిగారింటికి వెళ్లిపోయి, అక్కడొక నర్సరీలో పనిచేస్తోందని చెప్పాడు రవిచంద్ర. పెద్దాయన ఎముకలు విరగ్గొట్టావు, ఆయనకేమన్నా అయితే నీ మీదికే వస్తుందని మేస్త్రీ బెదిరించాడట. ఆ సంగతి తనకి నెల కిందటే తెలిసిందనీ, వెళ్లి ఆ అమ్మాయితో ఒక్క మాట చెప్పాలని రోజూ అనుకుంటూ వెళ్లలేకపోయాననీ అన్నాడు. వెళ్తే అబద్ధం బయటపడుతుంది. వెళ్లకపోతే ముద్ద దిగడం లేదు.

"నేను రేపు చింతలపూడి వెళ్తున్నానండి. ఆ గడి నింపాలి," అంది ఉదయశ్రీ లేస్తూ.

రవిచంద్ర కూడా లేచాడు. "ఈ ఒక్క రోజు నాకివ్వండి, మేడమ్. నాన్నకి నా నోటితో నేనే చెబుతాను. తర్వాత మళ్లీ మాట్లాడటం మానేసినా సరే."

మర్నాడు ఉదయం ఉదయశ్రీ నూజివీడులో బస్సెక్కింది. దారి పొడవునా మామిడి తోటలు పల్చబడి పామాయిల్ తోటలు చిక్కబడుతూ వచ్చాయి. చింతలపూడిలో దిగి, రవిచంద్ర చెప్పిన గుర్తుల ప్రకారం ఆటోలో ఒక నర్సరీకి వెళ్లింది. వలపందిరి కింద పదిమంది ఆడవాళ్లు నల్ల సంచుల్లో మట్టి నింపుతున్నారు. ఆమెని చూడగానే ఒకమ్మాయి చేతిలో సంచి వదిలేసి లేచి నిలబడింది. ఉదయశ్రీ ఆ మొహాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ మర్చిపోయినందుకు సిగ్గుపడింది.

దివ్య మొదట భయపడింది. నేనేం చేయలేదండి, నేను అక్కడ లేనండి అంది. ఉదయశ్రీ ఆమెని పక్కకి తీసుకెళ్లి, నీళ్ల డ్రమ్ము నీడలో గట్టు మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది. వీరరాఘవయ్య గారు రోజూ నడుస్తున్నారని చెప్పింది. దివ్యకి ఆ సంగతి తెలుసు. తెలియనిది, ఎముకలు విరగడం తన తప్పు కాదన్న సంగతి.

"మా రిజిస్టర్‌లో బతికొచ్చిన వాళ్లల్లో ఛాతీ నొక్కించుకున్నవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురికీ పక్కటెముకలు విరిగాయి. సరిగ్గా నొక్కితే ఒక్కోసారి విరుగుతాయి, దివ్యా. ఆస్పత్రిలో మేం నొక్కినా విరుగుతాయి. రెండు నెలల్లో అతుక్కుంటాయి. నువ్వు తప్పేం చేయలేదు."

దివ్య తన చేతుల వైపు చూసుకుంది. మట్టి పట్టిన గోళ్లు. నెలన్నరగా ఆ చేతులతోనే అన్నం తింటూ, ఆ రోజు అరచేతి కింద టక్కుమన్న చప్పుడు తలుచుకుంటున్నానని చెప్పింది. తర్వాత మెల్లగా మిగతాది చెప్పుకొచ్చింది. అయ్యగారు ట్రేల దగ్గర నిలబడి కాయ చేత్తో పట్టుకుని ఏదో చెబుతూ చెబుతూ పడిపోయారు. అందరూ చుట్టూ మూగారు. ఒకరు నీళ్ల కోసం పరిగెత్తారు.

"నీళ్లు తేవడం చూడగానే మా నాన్నే పడున్నట్టు అనిపించిందండి. మా నాన్నక్కూడా అవే నీళ్లు చల్లాం. ఇంక ఆగలేకపోయాను. మీరు దిండు మీద చూపించినట్టే చేతులు పెట్టాను."

ఉదయశ్రీ ట్యాబ్ తీసింది. ఎన్నింటికి మొదలుపెట్టావు, మధ్యలో ఆపావా అని అడిగింది. వెంటనే మొదలుపెట్టాననీ, అంబులెన్స్ వాళ్లు పక్కకి జరగమనేదాకా ఆపలేదనీ దివ్య చెప్పింది. ఉదయశ్రీ ఆ జవాబు రాయబోయి ఆగింది. ఛాతీ నొక్కడమంటే ఏమిటో ఆమె చేతులకి తెలుసు. రెండు నిమిషాలయ్యేసరికి భుజాలు పట్టేస్తాయి, ఐదు నిమిషాలకి చేతులు మన మాట వినవు. అందుకే ఆస్పత్రిలో ఒకరి తర్వాత ఒకరు చేతులు మారుస్తారు.

"ఇరవై నాలుగు నిమిషాలు, దివ్యా. నువ్వొక్కదానివేనా?"

దివ్య కళ్లు నర్సరీ గేటు వైపు వెళ్లి తిరిగొచ్చాయి. రాయనని మాటిస్తే చెబుతానంది. పేరు రాయనని ఉదయశ్రీ మాటిచ్చింది.

"అమ్మగారండి. పుష్పవతమ్మగారు. మిగతావాళ్లంతా అంబులెన్స్‌కి దారి చూపడానికి రోడ్డు మీదికి పరిగెత్తారు. నా చేతులు వణుకుతుంటే చూసి, జరుగు అని నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ముప్పై దాకా నేను పైకి లెక్కపెడుతూ నొక్కితే, ఆ తర్వాత ముప్పై దాకా ఆవిడ. అలాగే చివరిదాకా. గాజులు పగిలి చేతికి గుచ్చుకున్నా ఆపలేదండి. అంబులెన్స్ చప్పుడు వినగానే, నువ్వు నొక్కుతూ ఉండమని చెప్పి ఎదురెళ్లారు."

నాలుగో రోజు పుష్పవతి ఫోన్ చేసిందట. నువ్వు నొక్కావని గానీ, నేను నొక్కానని గానీ ఎవరికీ చెప్పొద్దు, మా ఇల్లు నిలబడుతుందమ్మా అని ఏడ్చిందట. దివ్య ఒట్టు పెట్టింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆవిడ ఫోన్ చేసి, ఎలా ఉన్నావని అడుగుతుందట.

వివరాలు అడిగిన రోజు పుష్పవతి తలెత్తకుండా మాట్లాడింది అబద్ధం చెబుతున్నందుకే అనుకుంది ఉదయశ్రీ. ఆ అబద్ధం కింద ఆవిడ దాచుకున్నది తన రెండు చేతులని ఊహించలేదు. భర్త ప్రాణం నిలబెట్టిన మనిషి, ఆ పేరు కొడుక్కిచ్చేసి, తను వంటింట్లోకి వెళ్లిపోయింది. రవిచంద్రకి కూడా ఈ సంగతి తెలియదు. నిన్న తోటలో అతను చెప్పినదాంట్లో ఎక్కడా తల్లి చేతులు లేవు.

పేజీలో రాయాల్సింది చిన్న మాటే. 'ఇద్దరు. ఒకరు కూలీ, ఒకరు భార్య. వంతులవారీగా.' ఒక పిల్ల దిండు మీద ఐదు నిమిషాల్లో నేర్చుకుంది. ఆ పిల్లని చూసి, అసలెప్పుడూ నేర్చుకోని అరవై ఏళ్ల ఆవిడ అక్కడికక్కడే నేర్చుకుంది. సోమవారం ప్రభాకరరావు గారి బల్ల మీద ఈ ఒక్క పేజీ పెడితే చాలు, తోటల్లో ఎవరికి నేర్పాలో ఇంకెవరూ వాదించక్కర్లేదు. ఆమె రాసింది. గడి నిండింది. మనసులో ఎక్కడో సంతోషంగానే ఉంది.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

రవిచంద్ర దిగాడు. రాత్రంతా నిద్రపోని మొహం, కానీ నిన్నటి కంటే తేలిగ్గా ఉన్న మొహం. చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు తీశాడు. వీరరాఘవయ్య ఒక కాలు, తర్వాత ఇంకో కాలు నేల మీద పెట్టి, కొడుకు భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి కొడుకు భుజం మీదే ఉండటం ఉదయశ్రీ చూసింది. కొడుకు చెప్పేశాడు. తండ్రి విన్నాడు. మాట్లాడటం మానేయలేదు. వెనక సీట్లో పుష్పవతి కూర్చునే ఉంది. తను దిగలేదు.

దివ్య లేచి కొంగు సర్దుకుంది. పెద్దాయన ఆయాసపడకుండా మెల్లగా నడిచొచ్చి ఆమె ముందు ఆగాడు.

"మావాడు పొద్దున అంతా చెప్పాడమ్మా," అన్నాడు. "నిన్ను ఇన్నాళ్లు ఇక్కడ దాక్కునేలా చేశాం. అది మా తప్పు. చేతులెత్తి దణ్ణం పెట్టడానికే వచ్చాను."

దివ్య వద్దండి, వద్దండి అంటూ వెనక్కి జరిగింది. ఆయన నిజంగానే రెండు చేతులూ జోడించాడు. తర్వాత వాటిని కిందికి దించకుండానే, గొంతు తగ్గించి ఇంకో మాట అడిగాడు.

"ఒక్కటి మాత్రం మావాడు చెప్పలేకపోయాడు. డాక్టర్లకి చెబితే అలా అనిపిస్తుందిలే అన్నారు. నాకు కళ్లు తెరుచుకోలేదు గానీ, ఎక్కడో దూరం నుంచి లెక్కపెట్టడం వినిపించిందమ్మా. ఒకటి, రెండు, మూడు అని. ఒక గొంతు నీదే, ఇప్పుడు నువ్వు మాట్లాడితే తెలిసింది. రెండో గొంతు ఎవరిది?"

దివ్య ఉదయశ్రీ వైపు చూసింది. ఉదయశ్రీ కారు వైపు చూసింది. వెనక తలుపు నెమ్మదిగా తెరుచుకుంటోంది.